ద్రాక్షతోట గల రైతులు పొంగు ద్రాక్షాసవమును గూర్చి తెలిసికొనవలసిన సంగతులు

హైదరాబాదు నగరమునకు తూర్పున, మూసారాంబాగు మొదలు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ వరకు 2018వ సంవత్సరము నుండి మెట్రో రైలు నడచుచున్నది. అందులో కూర్చుండి చూచువారికి ఇరుప్రక్కల మేడలు, అంగళ్లు, శిక్షణాలయముల పలకలు తప్ప మరేమియు కనబడవు. ఆ మేడల క్రింది నేలలో చాల భాగము ఒకప్పుడు ద్రాక్షతోట. హైదరాబాదు సంస్థానపు రెవెన్యూ లెక్కలలో వర్షాధారపు మెట్టను ఖుష్కీ యనియు, చెరువు క్రింది మాగాణిని తరీ యనియు, తోటలు పెంచు నేలను బాగాత్ అనియు వ్రాయుచుండిరి. సరూర్‌నగర్ చెరువు చుట్టుపట్ల గ్రామములలో ఈ బాగాత్ భూములకు పేరు తెచ్చినది ద్రాక్షయే.

ఆ ద్రాక్ష పేరు అనాబ్-ఎ-షాహీ. రాజద్రాక్ష యని అర్థము. 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాన్ అనువారు దీనిని హైదరాబాదులో ప్రవేశపెట్టిరని ద్రాక్షసేద్య చరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. కాయ పొడవుగ, గింజతో, పండినపుడు తేనెరంగు కలసిన తెలుపుగ నుండును, రసము నిర్మలము. పందిరి మీద ప్రాకించి, బావినీరు పెట్టి, పెంటయెరువు దండిగ వేసినచో ఈ తీగ విరగకాయును. హెక్టారునకు సగటున 35 టన్నులు, అనగా ఎకరమునకు 14 టన్నులు దీని దిగుబడి యని ఉద్యానశాస్త్రజ్ఞులు లెక్కించిరి. 1960, 1970 దశకములలో నగరపు తూర్పు శివారులలో దీని పందిళ్లు విస్తారముగ నుండెను. తరువాత గింజలేని థాంసన్ రకము బజారులో దీనిని వెనుకకు నెట్టినది. బూజు తెగులు దీనిని మిక్కిలి బాధించినది. బావులు అడుగంటినవి. అన్నిటికి మించి, గజముల లెక్కన నేల అమ్మినచో వచ్చు సొమ్ము ముందర గుత్తుల సొమ్ము నిలువలేకపోయినది. పందిళ్లు తీసి కాలనీలు వేసిరి. కొత్తపేట చెంతనున్న గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టు సైతము 2022లో ఆసుపత్రి కట్టుటకై స్థలము విడిచి బాటసింగారమునకు తరలిపోయినది.

అయినను ఎల్.బి.నగర్ దాటి హయత్‌నగర్, ఇబ్రహీంపట్నము, మహేశ్వరము వైపు పోయినచో ద్రాక్షసేద్యమెరిగిన కుటుంబములు ఇంకను కలవు. వారిలో ఎవరికైనను ఈ ఆలోచన తోచుట సహజము: నురుగు పొంగు తెల్ల ద్రాక్షాసవము సీసా ఒక్కటి దుకాణములో వేయి రూపాయలకు పైబడి అమ్ముచున్నది. సీసాలో పట్టునది ముప్పాతిక లీటరు. దానికి పట్టు ద్రాక్ష కిలో 200 గ్రాములకు మించదు. బజారులో ఆ పండ్లకు వచ్చునదేమి, సీసాకు వచ్చునదేమి? ఇంటిల్లిపాది కష్టపడి మనమే ఏల చేయరాదు? ఈ ప్రశ్నకు సమాధానముగ ఈ కరపత్రము వ్రాయబడినది. నేల తాకట్టు పెట్టి గాని, అప్పు తెచ్చి గాని ఈ పనికి పూనుకొనదలచినవారు ముందుగ దీనిని తుదివరకు చదువవలయును.

మొదట పేర్ల సంగతి. దీనిని ద్రాక్షసారా యనుట తప్పు. సారా యనగా బట్టీ పెట్టి ఆవిరి దించినది. ద్రాక్షాసవము బట్టీ నెరుగదు. కల్లువలె పులిసినది మాత్రమే. ఆబ్కారీ కాగితములను తెనిగించుటలో ఈ రెండింటిని ఒకటిగ కలిపివేసిన తర్జుమాలు ఈ వ్రాతగాని కంటబడినవి. అట్టి తర్జుమా వలన కట్టవలసిన రుసుమే మారిపోవును. షాంపేన్ అను పేరును లోకులు పొంగునదానికెల్ల వాడుచున్నారు గాని, అది ఫ్రాన్సు దేశమున ఒక సీమ పేరు. ఆ సీమలో పండి, ఆ సీమ నిబంధనల ప్రకారము తయారైనదానికే ఆ పేరు చెల్లును. కావున ఈ కరపత్రమునందు పొంగు ఆసవము అను మాటనే వాడితిమి.

పొంగునకు కారణము రైతులకు క్రొత్తది కాదు. తెల్లవారుజామున ఈతచెట్టు నుండి దించిన కల్లు కుండలో నురుగు కట్టి బుసబుసలాడుట చూడనివారు తెలంగాణములో నుండరు. ఈస్టు అను సూక్ష్మజీవి తీపిని తిని మద్యసారమును, బొగ్గుపులుసు వాయువును పుట్టించును. కుండ మూతి తెరచియుండుటచేత ఆ వాయువు గాలిలో కలసిపోవును. గోలీసోడాలో అదే వాయువును యంత్రముతో నీటిలోనికెక్కించి గోలీతో బిగింతురు. పొంగు ఆసవములో వాయువును బయటినుండి ఎక్కింపరు. సీసా లోపలనే పుట్టించి, పుట్టినచోటనే బంధింతురు. పనియంతయు ఇందే యున్నది. సోడావలె వాయువు నెక్కించి అమ్మునవియు లేకపోలేదు. వాని వెల తక్కువ, బుడగలు పెద్దవి, గ్లాసులో పోసిన కొంతసేపటికే చప్పబడును.

పద్ధతి యిది. పండ్లను గుత్తులతోనే, చితుకకుండ, చల్లని వేళ కోసి మెల్లగ పిండుదురు. షాంపేన్ సీమ నిబంధన ప్రకారము 4,000 కిలోల పండ్ల నుండి 2,550 లీటర్ల రసమే తీయవలయును. ఇంకను గట్టిగ పిండినచో తొక్కలోని వగరు రసములోనికి దిగును. రసమును తేర్చి పులియబెట్టగా తీపి పోయి పుల్లని తెల్ల ఆసవము మిగులును. ఈ దశలో దానిని త్రాగినవారు మొగము చిట్లించుకొనవలసినదే. దీనిలో లీటరునకు సుమారు 24 గ్రాముల చక్కెర, కొంత ఈస్టు కలిపి, మందపాటి సీసాలలో పోసి, రేకుమూత బిగించి, చల్లని నేలమాళిగలో పండబెట్టుదురు. ఆరెనిమిది వారములలో ఈస్టు ఆ చక్కెరను తినివేసి, వాయువును పుట్టించి, తాను చచ్చి మడ్డియై సీసా ప్రక్కన పేరుకొనును. ఆ మడ్డి మీద నిలిచినకొలది ఆసవమునకు కాల్చిన రొట్టె వంటి వాసన పట్టును. సీసాలకెత్తిన తరువాత 15 నెలలకు తక్కువ కాకుండ, అందు 12 నెలలు మడ్డి మీదనే యుంచవలెనని షాంపేనులో శాసనము.

ఇక మడ్డిని తీయవలెను. వాయువు మాత్రము పోరాదు. ఈ చిక్కును విప్పినది ఒక వితంతువు. క్లికో అను వర్తకుల ఇంటి కోడలు 1805లో, తన ఇరువదియేడవ యేట భర్తను కోల్పోయి, వ్యాపారమును తన చేతికి తీసికొనెను. రంధ్రములు గల బల్లకు సీసాలను తలక్రిందుగ గుచ్చి, దినదినము కొంచెము కొంచెముగ త్రిప్పుచు మడ్డిని మూతి వద్దకు దింపు ఉపాయము 1816 ప్రాంతమున ఆమె నేలమాళిగలలో సాధింపబడినది. నేటికిని పద్ధతి అదియే. పెద్ద శాలలలో మనుష్యునికి బదులు యంత్రము త్రిప్పును. మడ్డి దిగిన పిమ్మట సీసా మెడను సున్న కంటె సుమారు 25 డిగ్రీలు తక్కువ చల్లదనము గల ద్రావణములో ముంచగా మడ్డి మంచుగడ్డగ బిగియును. మూత తీయగానే లోపలి ఒత్తిడి ఆ గడ్డను బయటకు చిమ్మును. తగ్గినంత ఆసవమును, రుచికి కొంత చక్కెరను చేర్చి, బిరడా కొట్టి, తీగె చుట్టుదురు. సీసాలకు బదులు పెద్ద ఉక్కుతొట్టిలో రెండవసారి పులియబెట్టి, వడగట్టి నింపు పద్ధతి కూడ కలదు. అది త్వరగ ముగియును గాని, అంత ఒత్తిడికి నిలుచు తొట్టి చిన్న కుటుంబమునకు అలవి గాదు.

ఇప్పుడు మన పండ్ల సంగతి. తినుటకు మంచి ద్రాక్ష పొంగు ఆసవమునకు మంచిది కాదనిన చాలమంది నమ్మరు. బజారునకు పోవు ద్రాక్షకు తీపి ఎక్కువ, పులుపు తక్కువ, కాయ పెద్దది, తొక్క రవాణాకు ఓర్చునది కావలెను. పొంగు ఆసవమునకు పులుపే ప్రాణము. పులుపు లేనిదానిలో బుడగలు ఎన్ని లేచినను నాలుకకు చప్పిడి నీరే. రసమునందు చక్కెర నూటికి 17 నుండి 19 పాళ్లు, పులుపు లీటరునకు 8 నుండి 10 గ్రాములు ఉన్న దినమున కోయవలెను. చక్కెర ఇంతకు ముదిరినచో ఏమగును? లీటరులో ప్రతి 17 గ్రాముల చక్కెరకు ఒక శాతము మద్యసారము పుట్టును. మొదటి పులుపులో పుట్టినదానికి రెండవసారి చేర్చిన చక్కెర మరి ఒకటింబావు, ఒకటిన్నర శాతము కలుపును. తీపి ముదిరిన పండ్లతో మొదలిడినచో ఘాటు మితిమీరును. ఆ ఘాటులో ఈస్టు రెండవసారి పని చేయుటకు మొరాయించును.

థాంసన్ రకము బాగుగ పండినపుడు 20 నుండి 22 పాళ్ల చక్కెర గలది. పైగా కాయ పెరుగుటకై గుత్తులకు జిబ్బరెల్లిక్ ఆమ్లము పట్టించుట మన రైతులలో వాడుక. అట్లు ఉబ్బిన కాయ తట్టలో అందము. ఆసవమునకు మాత్రము తొక్క తక్కువ, నీరు ఎక్కువ. అనాబ్-ఎ-షాహీ సంగతి వేరు. పక్వమైనను దీని తీపి 14, 16 పాళ్ల నడుమనే యుండును. తీపి తక్కువ గావున పొంగు ఆసవమునకు ఇది సరిపోవుననిపించును. చాలమంది మోసపోవునదిచ్చటనే. తీపి తక్కువైనంత మాత్రమున పులుపు ఎక్కువ యుండవలెనను నియమము లేదు.

కారణము మన రాత్రులలో నున్నది. ద్రాక్షలో ముఖ్యమైన పులుపులు రెండు. ఒకటి చింతపండులో నున్న పులుపే. ఎండకు అది చాలవరకు నిలుచును. రెండవది ఆపిల్ పండులోని పులుపు. రాత్రులు వెచ్చగ నున్నచో కాయ తన ఊపిరి కొరకు ఈ రెండవదానిని ఖర్చు పెట్టుకొనును. షాంపేన్ సీమ భూమధ్యరేఖకు 49 డిగ్రీల ఉత్తరమున నున్నది. అచ్చట కోతకాలమున రాత్రులు చలి. హైదరాబాదు 17 డిగ్రీలలో నున్నది. అక్టోబరులో కత్తిరించిన తీగకు ఫిబ్రవరి, మార్చి నెలలలో కాయ పండును. సరిగ అప్పుడే మన రాత్రులు వెచ్చబడుచుండును. తీపి ఎక్కువరకు వేచియున్న రైతునకు పులుపు చేజారును. పులుపు కొరకు ముందే కోసిన రైతునకు తీపి చాలదు. రెండును ఒక్క దినమున కలియు రకమును నాటుట తప్ప దీనికి మందు లేదు. నాసిక్ వారు షెనిన్ బ్లాంక్ అను ఫ్రెంచి రకమును నాటి, దానిని తక్కిన కోతల కన్న ముందుగ కోసి పొంగు ఆసవము చేయుచున్నది ఇందువలననే. పండినను పులుపును త్వరగ విడువకుండుట దాని గుణము.

దిగుబడి సంగతి ఇంకను ముఖ్యము. ఎకరమునకు 14 టన్నులు కాచినచో, పైని చెప్పిన పిండుడు లెక్క ప్రకారము 11,900 సీసాలు కాగితము మీద తేలును. రైతును ముంచు లెక్క యిదియే. షాంపేనులో సాధారణముగ హెక్టారునకు 10, 12 టన్నుల మేరకే కోయుదురు. ఎకరమునకు నాలుగైదు టన్నులన్న మాట. 4 టన్నులకు వచ్చునవి 3,400 సీసాలు. తీగ మీద గుత్తులు పెరిగినకొలది ఒక్కొక్క కాయకు చేరు సారము పలుచబడును. తినువారు దానిని తీపి నీరుగ నోర వేసికొని సంతోషింతురు. పులిసిన తరువాత ఆ పలుచదనమును దాచునది ఏదియు లేదు. మన తూర్పు తోటల ఘనతగ ఏ దిగుబడిని చెప్పుకొనుచుంటిమో అదియే ఈ పనికి శత్రువు. దిల్‌సుఖ్‌నగర్ పందిళ్లు నేటికి నిలిచియున్నను పొంగు ఆసవమునకు పనికివచ్చెడివి కావని ఈ వ్రాతగాని అభిప్రాయము. ఆ తోటల నీడన పెరిగినవారికి ఈ మాట కష్టముగ తోచవచ్చును.

ఆ 3,400 సీసాల సంగతి చూతము. లీటరునకు 24 గ్రాముల చొప్పున చేర్చు చక్కెర మొత్తము 61 కిలోలే. అది ఖర్చు కాదు. ఆ చక్కెర పుట్టించు ఒత్తిడిని గూర్చి మాత్రము ఆలోచింపవలెను. పది డిగ్రీల చల్లదనములో అది సుమారు 6 వాయుభారములు, అనగా మోటారుకారు చక్రములోని గాలి ఒత్తిడికి రెండింతలకు పైమాట. వేసవి గదిలో నుంచినచో అదే సీసాలో ఒత్తిడి ఇంకను చాల పెరుగును. అందుచేత ఈ సీసాలు మామూలు సీసాల కన్న మందముగ, ఒక్కొక్కటి 800 గ్రాములకు పైగ బరువుండును. వాడిన సారాయి సీసాలను కడిగి నింపుట ప్రాణాపాయము. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో షాంపేనులోనే, చక్కెర ఎంత వేయవలెనో తెలియక, సీసాలు వరుస వరుసలుగ ప్రేలుచుండెను. నేలమాళిగలలో పనివారు ఇనుప ముసుగులు ధరించి తిరుగుచుండిరి. 1836 ప్రాంతమున షాలోన్ పట్టణపు ఫ్రాన్సువా అను ఔషధవిక్రేత చక్కెరను కొలుచు విధానమును ప్రకటించిన తరువాతనే ఆ నష్టము తగ్గినది. కావున చక్కెరను పిడికిలితో కాదు, త్రాసుతో వేయవలెను. సీసాల దగ్గరకు కండ్లద్దములు లేక ఎవరును పోరాదు; పిల్లలను అసలే పోనీయరాదు.

చల్లని నేలమాళిగ యనునది షాంపేనులో సుద్దరాతిని తొలిచినచో దొరకును. సంవత్సరము పొడవున అచ్చట 10, 12 డిగ్రీలు. మనకు మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటును. ఇచ్చట ఆ చల్లదనమును కరెంటుతో కొనవలయును, ఒక్క నెల కాదు, సీసాలు పండుకొనియున్నంత కాలము. ఈ ఖర్చు మొదటి సంవత్సరమున ఒక్క రూపాయి రాబడి లేకుండ జరుగును. తీగ నాటి కోతకు వచ్చుటకు పట్టు కాలమును కలుపుకొనినచో, నాటిన దినమునకు, తొలి సీసా అమ్మిన దినమునకు నడుమ నాలుగేండ్లకు తక్కువ పట్టదు. అన్ని దినములు ఇల్లు దేనితో గడచును? అప్పునకు వడ్డీ ఎవరు కట్టుదురు?

కుటుంబములు ఈ పని చేయుట అబద్ధమేమియు కాదు. నాసిక్ సమీపమున గంగాపూర్ జలాశయ ప్రాంతములో గుర్నానీ కుటుంబము యార్క్ అను చిన్న ఆసవశాల స్థాపించి, షెనిన్ బ్లాంక్ పండ్లతో సీసాలోనే పులియబెట్టు పద్ధతిని పొంగు ఆసవము చేసి మెప్పు పొందినది. 2021లో ఆ శాల పొరుగుననున్న పెద్ద సంస్థ సులా చేతికి పోయినది. దానికి ముందు 1980 దశకమున పూనా సమీపమున నారాయణగాం వద్ద శ్యాంరావు చౌగులేగారు ఫ్రెంచి నిపుణుల సహాయముతో ఒమర్ ఖయ్యామ్ అను పొంగు ఆసవమును చేసి విదేశములకు పంపిరి. మన దేశమున ఈ పని సాధ్యమని లోకమునకు తెలిపినది అదియే. ఆ సంస్థయు 2010 ప్రాంతమున ఋణభారముచేత కూలిపోయినది. నాసిక్ వారికి 2001లో మహారాష్ట్ర ప్రభుత్వము ప్రకటించిన ద్రాక్ష పరిశ్రమ విధానము వలన పన్నులలో సడలింపు లభించినదని కూడ గుర్తుంచుకొనవలెను. మరి షాంపేనులో రైతులు సుమారు 16 వేల మంది. అక్కడి తోటలలో అధిక భాగము వారిదే. వారిలో ఎక్కువమంది సీసా జోలికి పోక, పండ్లను పెద్ద సంస్థలకో, సహకార సంఘములకో అమ్ముకొని సుఖముగ నున్నారు. సొంతముగ సీసా కట్టువారు తక్కువమంది.

చట్టము మాట. 1968 నాటి ఆబ్కారీ చట్టము తెలంగాణములో నేటికిని అమలులో నున్నది. అనుమతిపత్రము లేక ఆసవము చేయుటయు, అమ్ముటయు నేరము. తోట తనది, పండ్లు తనవి, త్రాగువారు చుట్టములే యని చెప్పిన చెల్లదు. కావున సీసాలు కొనుటకు ముందు, తొట్లు కట్టించుటకు ముందు, ఆబ్కారీ శాఖ జిల్లా కార్యాలయములో విచారించి, చెప్పినదానిని వ్రాతమూలకముగ పొందవలెను. నోటిమాటను నమ్మి గోడ లేపరాదు.

ఇంత చెప్పిన తరువాతను ఈ మార్గమున అడుగిడ దలచిన రైతు, ఆసవము కాక ద్రాక్షనే అమ్మజూచుట మేలు. ఇందును ముందు అడుగవలసిన ప్రశ్న ఒకటే: కొను శాల ఒక రాత్రి ప్రయాణములో నున్నదా? నాసిక్ మనకు ఏడువందల కిలోమీటర్ల దూరము. ఆసవద్రాక్ష తొక్క పలుచన. తట్టలలో చితికి, వెచ్చని లారీలో దారిలోనే పులియనారంభించును. శీతల వాహనపు బాడుగ ఎవరిదో తేలక తీగ నాటరాదు. ఒప్పందము వ్రాసికొనునప్పుడు కిలో ధర ఒక్కటి చాలదు. ఎన్ని పాళ్ల చక్కెర, ఎంత పులుపు ఉన్న దినమున కోయవలెనో, దానిని ఎవరు కొలుతురో, శాలవారు చెప్పిన దినమునకు బండి పంపనిచో ముదిరిపోయిన పండ్లకు ఎవరు జవాబుదారియో అందులో వ్రాయించుకొనవలెను. మాగిన ద్రాక్షకు రెండు దినముల ఆలస్యము బజారులో లెక్కలోనికి రాదు. పొంగు ఆసవమునకు ఆ రెండు దినములే పంట నష్టము. సలహా కొరకు రాజేంద్రనగరులో ద్రాక్ష పరిశోధనా స్థానము కలదు.

నేడు పందిరి గలవారు ఖర్చు లేక చేయదగిన పరీక్ష ఒకటి కలదు. తీపిని కొలుచు చేతి రిఫ్రాక్టోమీటరును తెచ్చి, జనవరి మొదలు వారమునకొకసారి, తెల్లవారుజామున, పందిరికి నాలుగు వైపుల నుండి, నీడ గుత్తుల నుండియు ఎండ గుత్తుల నుండియు నూరు కాయలు కోసి, పిండి, పాళ్లు చూచి తేదీతో వ్రాసికొనవలెను. అదే రసమును ఒక సీసాలో చల్లగ నుంచి, ప్రయోగశాలలో పులుపు కొలిపింపవలెను. బూడిద తెగులునకు చల్లు గంధకమును కోతకు నాలుగు వారముల ముందే ఆపవలెను. కాయ మీద మిగిలిన గంధకము పులియునప్పుడు మురిగిన గ్రుడ్డు వాసన నిచ్చును. రెండు సంవత్సరముల లెక్క చేతనున్న రైతు ఏ శాలవారితోనైనను తన తోటను గూర్చి నిక్కముగ మాటలాడగలడు.